వయసు మించితే చదువు రాదా?
పల్లెబడుల్లో ఎనిమిదో తరగతికి చేరిన ప్రతి పదిమందిలో ముగ్గురు రెండో తరగతి పాఠం కూడా చదవలేరని 2022 అసర్ సర్వే దేశం మొత్తానికి లెక్క తేల్చింది. ఆ పిల్లల సంగతి ఎత్తితే ‘వయసు మించిపోయింది, ఇప్పుడేం వస్తుంది’ అంటారు. ఆ మాట నిజం కాదని తేలింది మన దగ్గరే. వికారాబాద్, తాండూరు రంగారెడ్డి జిల్లాలో ఉన్న 1990ల్లో, శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ ఆ జిల్లా ఊళ్లలో పశువులు కాస్తూ, జీతాలుంటూ బతికే పిల్లలను పని మాన్పించి బ్రిడ్జి కోర్సు శిబిరాలకు తెచ్చింది. పదేళ్లు దాటాక పలక పట్టినవాళ్లు నెలల తరబడి అక్కడే ఉండి చదవడం నేర్చి, తమ ఈడు పిల్లల తరగతుల్లో చేరారు. బడి బయటి పిల్లలకు అప్పుడు సాధ్యమైనది బడిలోనే ఉన్న పిల్లలకు ఇప్పుడెందుకు కాదు?

పెద్ద పిల్లలకు ఒక బలం ఉంది. మాటలు వాళ్లకు ముందే వచ్చు. కొడంగల్ సరిహద్దు ఊళ్లలో, తండాల్లో కన్నడమో, ఉర్దూనో, లంబాడీనో మాట్లాడే ఇళ్ల పిల్లలకైతే రెండు భాషల మాటలు తెలుసు. ఆగేది గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదట చదివింది మరచిపోతారు. వాళ్లకు కావలసింది రోజూ ఒక గంట గట్టి సాధన. చిట్టిచిలకమ్మల పాటలు కాదు, కంది చేను గురించో, తాండూరు నాపరాళ్ల గనుల గురించో, తమ వయసుకు తగ్గ పాఠం. తరగతిని పక్కనపెట్టి, వచ్చిన చదువును బట్టి పిల్లలను గుంపులు చేసి నేర్పే పద్ధతిని ప్రథమ్ సంస్థ రూపొందించింది. హరియాణాలో ప్రభుత్వ టీచర్లే బడివేళల్లో రోజుకో గంట దీనికే కేటాయించి నేర్పితే పిల్లల చదువు మెరుగుపడింది. ఇలాంటి ప్రయోగాలు చేసిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లోలకు 2019లో నోబెల్ వచ్చింది. హరియాణా పిల్లలు ప్రాథమిక తరగతులవాళ్లే, నిజమే. కానీ పెద్దవాళ్లకూ వస్తుందని బ్రిడ్జి కోర్సులు అంతకు ముందే చూపాయి.

సిలబస్ ఆగిపోతుందంటారు. చదవలేని పిల్లకు సైన్సు పాఠం అందడం లేదు కదా, ఇక ఆగేదేముంది? గుంపులుగా విడదీస్తే పిల్లలు చిన్నబుచ్చుకుంటారనే అభ్యంతరం మాత్రం బరువైనది. అందుకే ఆ గంటలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా అందరూ గదులు మారాలి, గుంపులు నెలనెలా మారాలి, మిగతా రోజంతా సొంత తరగతిలోనే కూర్చోవాలి. హైస్కూలు టీచర్లకు అక్షరాలు నేర్పే అలవాటు లేదు, ప్రాథమిక బడుల టీచర్ల దగ్గర వాళ్లు నేర్చుకోవాల్సిందే. 2009 విద్యాహక్కు చట్టం, వయసు మీరి బడిలో చేరే బిడ్డకు ప్రత్యేక శిక్షణ పొందే హక్కునిచ్చింది. ఏళ్లుగా బడికి వస్తున్న బిడ్డకు అంతకన్నా తక్కువ ఇవ్వడం అన్యాయం. పదో తరగతి పరీక్షల ముందు పొద్దున, సాయంత్రం స్పెషల్ క్లాసులు పెట్టే బడులు ఈ గంటను ఆరో తరగతి జూన్‌లోనే మొదలుపెట్టగలవు.