డాక్టరు సీటు రాకపోతే బైపీసీ చదువు వృథాయేనా?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజుల్లో కొందరు తల్లిదండ్రులు సలహా కోసం మా వద్దకు వస్తుంటారు. "మౌలానా సాబ్! మా అమ్మాయి బైపీసీ చదివింది. డాక్టరు సీటు రాలేదు. ఇక చదువు మాన్పించి పెళ్ళి చేద్దామా?" అని ఇటీవల ఒక తండ్రి అడిగారు.

బదులు చెప్పేముందు మా పొరపాటొకటి ఒప్పుకోవాలి. ఏళ్ళ క్రితం మా విద్యార్థి ఒకడు జీవుల పుట్టుకను గురించి కళాశాలలో విన్న మాటలపై సందేహం అడిగాడు. మేము జవాబు వెతకలేదు, గద్దించాము. ఆ అబ్బాయి మళ్ళీ ఏ ప్రశ్నా అడగలేదు. జీవశాస్త్రం చదవడమూ మానేశాడు. గద్దింపు నోరు మూయిస్తుందే తప్ప ఈమాన్‌ను కాపాడదని మాకు ఆలస్యంగా బోధపడింది.

దివ్య ఖుర్ఆన్‌లో తేనెటీగ, చీమ, సాలీడు పేర్లతో సూరాలున్నాయి. సహీహ్ ముస్లింలో ఒక ఉల్లేఖనం ఉంది. మదీనా రైతులు మగ ఖర్జూరపు పుప్పొడిని ఆడచెట్టు పూగుత్తులకు అంటించేవారు. అందువల్ల ప్రయోజనం ఉంటుందని తాము అనుకోవడం లేదని దైవప్రవక్త (స) అనగా, వారు మానుకున్నారు. కాపు దెబ్బతిన్నది. అప్పుడాయన, ఇటువంటి ప్రాపంచిక వ్యవహారాలు వారికే బాగా తెలుసునని సెలవిచ్చారు. చెట్టు సంగతి చెట్టును పరిశీలించి తెలుసుకోవడం ధర్మవిరుద్ధం కాదని మేము దీనినుండి గ్రహిస్తాము.

అలాంటి పరిశీలన మన జగిత్యాల పక్కనే, పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానంలో జరుగుతున్నది. ఉల్లికోడు పురుగు వరి దుబ్బులోకి చేరితే పిలక ఉల్లికాడవలె గొట్టంగా మారుతుంది, కంకి వేయదు. పొలాస శాస్త్రవేత్తలు సాంబ మసూరిని, కావ్య రకాన్ని సంకరపరచి, తరతరాలుగా మొక్కలను ఎంపిక చేసి, ఉల్లికోడును తట్టుకునే 'జగిత్యాల సన్నాలు' రూపొందించారు. గింజ సన్నం, పంటకాలం సుమారు 120 రోజులు. మన వంటింటి అన్నం వెనుక ఇంతటి జీవశాస్త్రం ఉన్నది.

పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల, సిరిసిల్లలో బాబూ జగ్జీవన్‌రామ్ వ్యవసాయ కళాశాల ఉన్నాయి. వ్యవసాయ డిగ్రీకి నాలుగేళ్ళు, పశువైద్యానికి అయిదున్నరేళ్ళు. ఆపై పీజీ, పరిశోధన. తమిళనాడులో జన్మించిన ఇ.ఎ. సిద్దీఖ్ గారు వరి జన్యుశాస్త్రవేత్తగా ఎదిగి, హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థకు సారథ్యం వహించారు. 2011లో పద్మశ్రీ పొందారు.

"పరిణామవాదం చదివితే విశ్వాసం సడలదా?" అని భయపడేవారున్నారు. పరిశీలనలో తేలిన విషయం వేరు, దానిపై ఎవరో కట్టిన దైవతిరస్కార వాదం వేరు. ఈ తేడా పిల్లలకు తెలియాలంటే, వారు సందేహాన్ని ఇంట్లో నిర్భయంగా చెప్పుకోగలగాలి. తెలియనప్పుడు "తెలియదు, కలిసి తెలుసుకుందాం" అనడం మాకూ మీకూ నామోషీ కాదు.

ఆ తండ్రిని మేము అడిగినది ఒక్కటే: "అమ్మాయి ఏమంటున్నది?" ఆయన కాసేపు మౌనంగా ఉండి, "అడగలేదు" అన్నారు. ముందు అడగమని చెప్పి పంపాము. పెళ్ళికి ఆమె సమ్మతి ఎలాగూ తప్పనిసరి. చదువు విషయంలోనూ ఆమె మాట వినడం న్యాయం.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, మనకు వారి మాట వినే ఓర్పును ప్రసాదించుగాక! ఆమీన్.