మంచు కురవని సీమలో మంచుకళ

రాయపూర్ నగరానికి చెరువుల కొదవ లేదు. బూఢా తాలాబ్ ఊరి నడుమనే ఉన్నది. అయితే పుష్యమాసపు చలి ఎంతగా వణికించినా ఆ నీరు గడ్డకట్టదు. హైదరాబాదు హుస్సేన్ సాగర్ సంగతీ అంతే. గడ్డకట్టిన సరస్సుల మీద పుట్టి పెరిగిన ఫిగర్ స్కేటింగ్‌కు ఇటువంటి సీమలలో చోటెక్కడిది? అయినప్పటికీ ఆ క్రీడకు తోబుట్టువనదగిన ఒక పోటీలో 2013లో ప్రపంచ స్వర్ణపతకం గెలిచినవాడు హైదరాబాదు యువకుడు అనూప్ కుమార్ యామా.

ఈ క్రీడ చరిత్ర దాని పేరులోనే ఉన్నది. 'ఫిగర్' అనగా స్కేటు అంచుతో మంచుపై గీసే ఆకృతి. ఒంటికాలిపై నిలిచి వలయమో, ఎనిమిది అంకెయో గీయాలి. గీసిన గీత మీదనే మరల సాగాలి. న్యాయనిర్ణేతలు వంగి ఆ గీతలను పరీక్షించేవారు. మన ముంగిట ముగ్గు దిద్దే ఇల్లాలికి ఈ నిష్ఠ వేరుగా చెప్పనక్కరలేదు. దీనికి సంగీతాన్నీ నృత్యాన్నీ జోడించినవాడు 19వ శతాబ్దపు అమెరికన్ జాక్సన్ హేన్స్. స్వదేశం అతనిని అంతగా ఆదరించలేదు. వియన్నా నగరం నెత్తిన పెట్టుకున్నది.

1892లో అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం ఏర్పడింది. 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. ఆరేళ్ళకు ఒక చిక్కు వచ్చిపడింది. మాడ్జ్ సైయర్స్ అనే ఆంగ్ల వనిత పురుషుల పోటీకి దిగి, స్వీడన్ వీరుడు ఉల్రిక్ సాల్కోవ్ తరువాత రెండవ స్థానం గెలుచుకున్నది. స్త్రీలు పోటీకి రారాదని నియమావళిలో లేదు. వ్రాసినవారికి ఆ తలంపే కలగలేదు కాబోలు! పెద్దలు వెంటనే నిషేధం విధించి, 1906లో స్త్రీలకు వేరు పోటీ పెట్టారు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో స్త్రీల స్వర్ణం ఆమెదే. అనంతరం నార్వే బాలిక సోంజా హెనీ 1927 నుండి 1936 వరకు వరుసగా పది ప్రపంచ విజయాలు, మూడు ఒలింపిక్ స్వర్ణాలు సాధించింది.

టెలివిజన్ వచ్చాక గీతలకు గడ్డుకాలం దాపురించింది. 1972లో ఆస్ట్రియా వనిత ట్రిక్సీ షుబా స్వేచ్ఛా విన్యాసంలో ఏడవదిగా నిలిచి కూడా, గీతల బలంతో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. దూరాన కూర్చున్న ప్రేక్షకునికి ఆ గీతలు కనబడవు గదా! 1990 తరువాత ప్రపంచ పోటీల నుండి వాటిని తొలగించారు. మంచు విసర్జించిన ఆ విద్యను చక్రాల స్కేటింగ్ మాత్రం, నేలపై రంగుతో గీసిన వలయాల మీద, మరింత కాలం పోషించింది.

ఆ చక్రాల మార్గమే మనవంటి ఉష్ణదేశాలకు దారి తీసింది. తొలినాటి చక్రాల స్కేట్లు తిన్నగా పోవడమే గాని మలుపెరుగవు. 1863లో న్యూయార్కువాసి జేమ్స్ ప్లింప్టన్ నాలుగు చక్రాలను రబ్బరు దిండ్లపై అమర్చాడు. ఒరిగిన వైపుకు స్కేటు తిరిగింది. నున్నని నేల దొరికితే చాలు, మంచుతో పని లేకపోయింది.

2010లో గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో చక్రాల స్కేటింగ్ తొలిసారి చేరినప్పుడు, అనూప్ వ్యక్తిగత విన్యాసంలో కాంస్యమూ, అవనీ పంచాల్‌తో కలిసి జంట విన్యాసంలో మరొక కాంస్యమూ గెలిచాడు. 2013 తైపే ప్రపంచ పోటీలో అతని స్వర్ణం ఇన్‌లైన్ విభాగంలోనిది. ఆ స్కేటుకు చక్రాలన్నీ ఒకే వరుసలో ఉంటాయి. మంచుస్కేటు పలుగును తలపించే ఏర్పాటది. 2015లో అర్జున పురస్కారం లభించింది.

పతకాలకు తగిన వేదిక మాత్రం నిలువలేదు. చక్రాలపై సాగే ఈ కళాత్మక విన్యాసం ఒలింపిక్స్‌లో ఏనాడూ పతకాంశం కాలేదు. ఆసియా క్రీడలలో 2014 ఇంచియాన్‌లో లేదు, 2018 జకార్తాలోనూ లేదు. మరల 2023లో హాంగ్‌ఝౌలో చోటు దొరికేసరికి, గ్వాంగ్‌ఝౌ కాంస్యాలకు పదమూడేళ్ళు నిండాయి.