వాకిట్లో రేఖాగణితం

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు మన పిల్లలు యింట్లో తెలుగు మాట్లాడుతారు, బడిలో కన్నడమో యింగ్లీషో చదువుతారు. కన్నడ లెక్కల పుస్తకంలో 'సమమితి' అన్న పాఠం వస్తుంది. తెలుగు పుస్తకాలలో దీన్నే 'సౌష్ఠవం' అంటారు. పిల్లవాడికి రెండు మాటలూ పరాయివే. తల్లిని అడిగితే "నాకేం తెలుసు నాయనా, అంత చదువు చదివానా?" అంటుంది. ఆ పాఠమంతా తెల్లవారుజామున ఆమే వాకిట్లో నేలమీద వేసి వచ్చింది గదా!

ఒక బొమ్మను ఆకారమూ, కొలతా చెడకుండా కదిలించే పద్ధతులు ముఖ్యంగా మూడు: పక్కకు జరపడం, ఒక చుక్క చుట్టూ తిప్పడం, ఒక గీత మీదుగా బోర్లించడం. గడపకు వేసే అంచుముగ్గులో ఒకే మొగ్గ జరుగుతూ పోతుంది. పిల్లలకు మొదట యీ యింటి మాటలతోనే చెప్పండి. బడి మాట తరువాత దానంతట అదే అతుక్కుంటుంది.

తిప్పడానికి 'ఏడు చుక్కలు, నాలుగు వరకు సందుచుక్క' కంటె మంచి ముగ్గు లేదు. నడిమి వరుసలో ఏడు, దానికి అటూ యిటూ ఆరు, అయిదు, నాలుగు. మొత్తం ఎన్నో పిల్లవాణ్ణే లెక్క పెట్టనివ్వండి, 37 వస్తాయి. నడిమి చుక్క చుట్టూ ఆరు రేకుల పువ్వు వేయించండి. దాన్ని కాగితం మీద కూడా వేయించి, పైన పల్చని కాగితం పరచి అచ్చు తీయించండి. నడుమ గుండుసూది గుచ్చి పై కాగితాన్ని మెల్లగా తిప్పితే 60 డిగ్రీల దగ్గర పువ్వు మీద పువ్వు సరిగ్గా కూర్చుంటుంది. 360ని ఆరుతో భాగించినట్లే. ఇందులో ఒక కిటుకుంది. చుక్కకూ చుక్కకూ మధ్య 10 సెంటీమీటర్లుంటే, వరుసల మధ్య సుమారు 8.7 మాత్రమే వుండాలి. ఎక్కువైతే పువ్వు సాగిపోయి తిప్పినప్పుడు కలవదు. ఈ కొలత మన ఆడవాళ్ళ కంటికే తెలుసు. ఎదురు చుక్కలైతే నలుచదరమే గనుక పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు చాలు.

మగపిల్లలకు ముగ్గేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

బోర్లించడం కొంచెం చిక్కయినది. తిరునాళ్ళలో అమ్మే నాలుగు రెక్కల కాగితపు గాలిచక్రాన్ని పావు చుట్టు తిప్పితే అలాగే వుంటుంది. అద్దంలో చూపిస్తే రెక్కలు ఎదురు దిక్కుకు వంగుతాయి. మెలిక ముగ్గుల్లోనూ యిలాంటివున్నాయి, వెదకమనండి. మా గుమాస్తాలకు తెలిసినది మరొకటి: కార్బను కాగితాన్ని తిరగేసి పెడితే రాసిన కాగితం వెనుకనే అక్షరాలు తారుమారుగా పడతాయి. కుడి అరచేతి బొమ్మను ఒకసారి బోర్లిస్తే ఎడమచేయి అవుతుంది. మొదటి గీతకు అడ్డంగా మరొక గీత మీదుగా బోర్లిస్తే మళ్ళీ కుడిచేయే, కాని తలకిందులుగా! రెండుసార్లు బోర్లించడమంటే తిప్పడమేనని పిల్లవాడు తానే కనిపెడతాడు.

రెండు చిన్న అద్దాలను పుస్తకం అట్టల్లా అతికించి నిలబెట్టి, నడుమ ఒక చింతగింజ వుంచండి. 90 డిగ్రీలకు తెరిస్తే నాలుగు గింజలు, 60కి ఆరు కనిపిస్తాయి. అంచులకు కాగితం అంటించడం పెద్దల పని.

ఇదంతా పిల్లల ఆట అని తీసివేయకండి. జర్మను గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ 1872లో, బొమ్మను కదిలించినా మారకుండా నిలిచేది ఏదో చూడడమే రేఖాగణితమన్న దృష్టిని లోకానికి యిచ్చాడు. టి. సుందరరావు గారు కాగితం మడతలతోనే రేఖాగణితం నేర్పే యింగ్లీషు పుస్తకాన్ని 1893లో మద్రాసులో అచ్చు వేయించారు. అదే క్లైన్ గారు ఆ పుస్తకాన్ని మెచ్చి పేర్కొన్నాడు. 1901లో అది షికాగోలోనూ వెలువడింది.

ఈసారి నందికి వెళ్ళినప్పుడు భోగనందీశ్వరాలయపు కల్యాణి దగ్గర కాసేపు కూర్చోండి. నీళ్ళు నిలకడగా వుంటే మెట్లు తలకిందులుగా కనిపిస్తాయి. బోర్లించిన గీత ఎక్కడుందో పిల్లలను వేలుపెట్టి చూపించమనండి.