పాత కేసు.. కొత్త శక్తి!
- నంబరు చెక్కిన అసలు కేసులోనే పోర్షే 911 ఇంజిన్‌ పునర్నిర్మాణం
- ఒక్క కోత తప్పితే తిరిగి సరిదిద్దలేని పని

పాతకాలపు స్పోర్ట్స్‌ కారు విలువ దాని రంగులోనో, తోలు సీట్లలోనో మాత్రమే లేదు. ఇంజిన్‌ క్రాంక్‌కేసుపై కంపెనీ చెక్కిన నంబరులో ఉంది. ఆ నంబరు కారుతో పాటు పుట్టినదేనని రికార్డులు చెబితే ధర ఒక తీరు, కాదంటే మరొక తీరు. అయితే 2 లీటర్ల పాత ఇంజిన్‌ శక్తి నేటి రహదారిపై చాలదనిపించే యజమానులు ఎందరో ఉన్నారు. నంబరున్న కేసును కాపాడుకుంటూనే శక్తిని పెంచడం సాధ్యమా? సాధ్యమే. కాకపోతే ఎక్కడ ఆగాలో తెలిసి ఉండాలి. జర్మనీకి చెందిన పోర్షే 911 ఇందుకు చక్కని ఉదాహరణ.

130 నుంచి 210కి..
1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌ ప్రదర్శనలో 901 పేరుతో తొలిసారి కనిపించిన ఈ కారు, ప్యూజో సంస్థ అభ్యంతరంతో 911గా మారింది. గాలితో చల్లబడే ఆరు సిలిండర్ల ఇంజిన్‌ దీని ప్రత్యేకత. సిలిండర్లు మూడేసి చొప్పున ఎదురెదురుగా పడుకొని ఉంటాయి. సిలిండరు వ్యాసం 80 మి.మీ., పిస్టన్‌ ప్రయాణ దూరం (స్ట్రోక్‌) 66 మి.మీ., మొత్తం ఘనపరిమాణం 1,991 సీసీ, శక్తి 130 అశ్వశక్తి. ఇదే ఘనపరిమాణం నుంచి 1967 నాటి 911ఆర్‌ పోటీ కారు 210 అశ్వశక్తిని రాబట్టింది. 1972లో వచ్చిన కరేరా ఆర్‌ఎస్‌ వ్యాసాన్ని 90 మి.మీ.కు, స్ట్రోక్‌ను 70.4 మి.మీ.కు పెంచి 2,687 సీసీతో అదే 210 అశ్వశక్తిని రహదారిపైకి తెచ్చింది. అంటే దారులు రెండు. ఇంజిన్‌ను వేగంగా తిప్పడం ఒకటి, ఘనపరిమాణం పెంచడం మరొకటి. రెండింటి భారమూ చివరకు కేసుపైనే పడుతుంది.

కేసు అంటే ఏమిటి?
ఇంజిన్‌కు వెన్నెముక క్రాంక్‌కేసు. 911లో ఇది నిలువుగా చీల్చినట్లు రెండు భాగాలుగా ఉంటుంది. మధ్యలో క్రాంక్‌షాఫ్ట్‌ 8 మెయిన్‌ బేరింగులపై తిరుగుతుంది. రెండు భాగాల మధ్య గ్యాస్కెట్‌ ఉండదు. నునుపుగా కోసిన అంచులు, సీలెంట్‌ మాత్రమే ఆయిల్‌ను ఆపాలి. తొలినాళ్లలో కేసును అల్యూమినియంతో పోతపోశారు. 1968 నుంచి బరువు తగ్గించేందుకు మెగ్నీషియం మిశ్రమానికి మారారు. 1970ల చివర్లో మళ్లీ అల్యూమినియానికే వచ్చారు. ఆ వెనకడుగుకు కారణం వేడి.

ప్రతి సిలిండరును, దానిపై హెడ్‌ను నాలుగేసి ఉక్కు స్టడ్‌లు కేసుకు బిగించి ఉంచుతాయి. మొత్తం 24. ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరిగితే 100 మి.మీ. పొడవున్న ఉక్కు సుమారు 0.12 మి.మీ. సాగుతుంది. అల్యూమినియం 0.23, మెగ్నీషియం 0.26 మి.మీ. సాగుతాయి. సిలిండరు, హెడ్‌ ఎక్కువగా పెరిగి, స్టడ్‌ తక్కువగా పెరిగితే ఆ లాగుడంతా కేసులోని మరలపై పడుతుంది. మెత్తని మెగ్నీషియంలో మరలు ఊడివస్తాయి. 1970ల మధ్యకాలపు 2.7 లీటర్ల ఇంజిన్లలో ఈ బెడద ఎక్కువగా కనిపించింది.

ముందు పరీక్ష.. ఆపైనే కోత
కేసును విప్పి శుభ్రం చేశాక తొలి పని పగుళ్ల పరీక్ష. రంగు ద్రవం పూసి, కంటికి కనిపించని చీలికలను వెతుకుతారు. తరువాత రెండు భాగాలను బిగించి బేరింగు రంధ్రాలన్నీ ఒకే గీతపై ఉన్నాయో లేదో కొలుస్తారు. ఏళ్ల తరబడి వేడికి మెగ్నీషియం వంగుతుంది. వంగితే ఆ రంధ్రాలను ఒకే వరుసలో మళ్లీ బోరింగు చేసి, బయటి కొలత పెద్దవైన బేరింగులు అమర్చాలి. స్టడ్‌ మరలు బలహీనపడితే రంధ్రాన్ని పెద్దది చేసి ఉక్కు ఇన్‌సర్ట్‌ దిగవేస్తారు. ఈ రెండూ కేసు ఆయుష్షును పెంచే మరమ్మతులు. నంబరు చెక్కిన ఫ్యాను పక్క భాగాన్ని మాత్రం ఉలితో గానీ, ఇసుకతో గానీ ముట్టుకోకూడదు. అచ్చు చెరిగితే అసలు కేసే అయినా నకిలీ అన్న అనుమానం తప్పదు.

పాత కేసుల్లో పిస్టన్‌ అడుగుకు ఆయిల్‌ చిమ్మే జెట్‌లు లేవు. శక్తి పెరిగితే పిస్టన్‌ వేడీ పెరుగుతుంది కనుక, కేసుకు రంధ్రాలు చేసి ఈ జెట్‌లను అమర్చడం మంచి ఫలితమిస్తుంది.

ఎంత పెంచాలి?
పాత 66 మి.మీ. క్రాంక్‌నే ఉంచి 84 మి.మీ. సిలిండర్లు వేస్తే 2,195 సీసీ వస్తుంది. 1969 చివర్లో కంపెనీ స్వయంగా అనుసరించిన కొలత ఇదే. అదే క్రాంక్‌పై 90 మి.మీ. వేస్తే 2,519 సీసీ అవుతుంది. కానీ ఇందుకు సిలిండరు మెడ దూరే రంధ్రాలను కేసులో వెడల్పు చేయాలి. కోసిన లోహం తిరిగి రాదు. స్టడ్‌ల చుట్టూ గోడ పలుచబడుతుంది. పాత కొలతకు మరలే దారి మూసుకుపోతుంది. అసలు సందిగ్ధం ఇక్కడే.

పొట్టి స్ట్రోక్‌కు ఒక లాభం ఉంది. నిమిషానికి 8,000 చుట్ల వద్ద 66 మి.మీ. స్ట్రోక్‌లో పిస్టన్‌ సగటు వేగం సెకనుకు 17.6 మీటర్లు. 70.4 మి.మీ. అయితే అది 18.8 మీటర్లకు చేరుతుంది. వేగం తగ్గితే కనెక్టింగ్‌ రాడ్‌ బోల్టులపై, బేరింగులపై ఒత్తిడి తగ్గుతుంది.

కేసును కోయకుండా శక్తి పెంచే మార్గం హెడ్‌లలో ఉంది. గుమ్మటంలా ఉబ్బిన పిస్టన్‌పై మంట ఒక మూల నుంచి మరో మూలకు చేరడానికి సమయం పడుతుంది. సిలిండరుకు రెండేసి స్పార్క్‌ ప్లగ్‌లు ఉంటే మంట రెండు వైపుల నుంచీ కలుస్తుంది. కంప్రెషన్‌ పెంచినా ‘నాకింగ్‌’ భయం తగ్గుతుంది. 911ఆర్‌ ఇంజిన్‌లోనూ ఇదే అమరిక. దీనికి తగిన క్యామ్‌షాఫ్ట్‌లు, కార్బ్యురేటర్లు, సైలెన్సర్‌ జతపడాలి. హెడ్‌ చెడితే వేరొకటి తెచ్చుకోవచ్చు. నంబరున్న కేసును తెచ్చుకోలేరు.

మూడో దారి
పోటీల్లో పరుగెత్తించడమే ధ్యేయమైతే అసలు కేసును శుభ్రం చేసి, ఆయిల్‌ పూసి భద్రపరచి, మరో కేసుపై ఇంజిన్‌ కట్టుకోవడం మేలు. కనెక్టింగ్‌ రాడ్‌ తెగి కేసు గోడను చీల్చుకొని వస్తే ఆ నష్టానికి పూడిక లేదు. రహదారిపై నడిపే కారుకు మాత్రం అసలు కేసు, సరిచేసిన బేరింగు వరుస, ఉక్కు ఇన్‌సర్ట్‌లు, ఆయిల్‌ జెట్‌లు, 84 మి.మీ. సిలిండర్లు మధ్యేమార్గం. ఏ పని చేయించినా కోతకు ముందు కొలతలు రాయించుకోవడం, నంబరును ఫొటో తీయించి ఉంచడం, చేసిన మార్పులన్నీ బిల్లులతో సహా దాచుకోవడం తప్పనిసరి. రేపు కారు చేతులు మారితే కొత్త యజమానికి దాని చరిత్ర చెప్పేవి ఆ కాగితాలే.