రక్తఫలకికలకు అంటుకొన్న ప్రతిదేహాలను కొలవడం

గుత్తిలో ఒక యువతి కాళ్లపై సూదిమొనంత ఎర్రటి చుక్కలు వచ్చాయనుకోండి. జ్వరం లేదు. ఆమె రక్తఫలకికలు, అంటే ప్లేట్‌లెట్లు, మైక్రోలీటరుకు 12,000 మాత్రమే ఉన్నాయి. ఉండవలసినవి 1.5 నుంచి 4.5 లక్షలు. డెంగీ పరీక్షలో ఏమీ తేలలేదు. మరి ఫలకికలు ఏమవుతున్నాయి?

ఒక కారణం: ఆమె దేహమే వాటికి వ్యతిరేకంగా ప్రతిదేహాలను తయారుచేయడం. ప్రతిదేహం అంటుకొన్న ఫలకికలను ప్లీహంలోని భక్షక కణాలు మింగేస్తాయి. విలియం హారింగ్టన్ అనే అమెరికన్ వైద్యుడు ఇటువంటి రోగి రక్తాన్ని తనకే ఎక్కించుకొన్నాడు. కొన్ని గంటల్లోనే అతని ఫలకికలు పడిపోయాయి. 1951లో ప్రచురితమైన ఈ ప్రయోగం, వాటిని నశింపజేసే పదార్థం రోగి రక్తంలోనే ఉందని చూపింది.

ఆ ప్రతిదేహాలను ఎలా కొలుస్తారు? ఫలకికలను కడిగి, ప్లాస్మాలోని ప్రతిదేహాలను తొలగిస్తారు. మానవ ఐజీజీకి అంటుకొనే, మెరిసే రంగు గల మరో ప్రతిదేహాన్ని కలుపుతారు. ఎంత మెరుపు ఉందో ఫ్లో సైటోమీటర్ చెబుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఫలకికలు తమ ఆల్ఫా కణికలలో మామూలుగానే ఐజీజీని దాచుకొంటాయి. అవి చిట్లితే అదీ లెక్కలోకి వస్తుంది. తీవ్ర ఇన్ఫెక్షన్లు, కాలేయ వ్యాధులలో కూడా ఈ కొలత పెరగవచ్చు. కాబట్టి “ఐజీజీ ఎంత ఉంది?” అని అడిగితే చాలదు, “ఏ ప్రోటీన్‌కు అంటుకొంది?” అని అడగాలి.

1987లో జర్మనీలో కీఫెల్ బృందం వివరించిన మైపా పద్ధతి ఈ పనే చేస్తుంది. ఫలకికపై గల ఒక గ్లైకోప్రోటీన్‌కు, ఉదాహరణకు IIబి/IIIఎకు, ఎలుక ప్రతిదేహాన్ని అంటిస్తారు. తరువాత ఫలకికను డిటర్జెంట్‌తో కరిగించి, ఆ గ్లైకోప్రోటీన్‌ను మాత్రమే ఫలకంలోని గుంటలో పట్టుకొంటారు. దానిపై మానవ ప్రతిదేహం ఉంటే ఎంజైమ్ చర్య వల్ల రంగు వస్తుంది.

గుర్తుంచుకోండి: రంగు వస్తే రోగనిర్ధారణకు బలం చేకూరుతుంది. రాకపోతే వ్యాధి లేదని కాదు. పైగా ఫలకికలు 12,000కు పడిపోయిన రోగిలో పరీక్షకు కావలసినన్ని దొరకడమే కష్టం. గుత్తి నుంచి దూరపు ప్రయోగశాలకు పంపితే నమూనా తాజాదనమూ తగ్గుతుంది. అందుకే వైద్యులు ఇతర కారణాలను తోసిపుచ్చి నిర్ధారణకు వస్తారు. రక్తస్రావం ఉంటే ఈ ఫలితం కోసం చికిత్స ఆపరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
ఫలకికలను కడగకుండా పరీక్షిస్తే ఫలితం ఎందుకు తప్పుతుంది?