రేఖలో కదిలే మనిషి

మనిషి నిలువును, నడకను, కదలికను కొద్దిపాటి గీతలలో వేగంగా పట్టి నిలపడమే ఆకృతి రేఖాచిత్రణం. ఇందులో చిత్రకారుడు కన్నుముక్కులతో ఆరంభించడు. ముందుగా వెన్నెముక వంపును, దేహభారం మోపిన పాదాన్ని గుర్తించి ఒక్క గీతలో నిలుపుతాడు. అవయవాలు, వస్త్రాలు ఆ తరువాతనే చేరుతాయి. తొలి గీత తప్పితే ముఖం ఎంత చక్కగా కుదిరినా బొమ్మకు ప్రాణం రాదు.

ఈ మర్మం మన పూర్వులకు తెలిసినదే. నృత్తశాస్త్రం ఎరుగనివానికి చిత్రకళ బోధపడదని విష్ణుధర్మోత్తర పురాణంలో మార్కండేయుడు వజ్రునికి ఉపదేశించాడు. నాట్యానికి ఆంగికాభినయం ఎంతటిదో, చిత్రానికి దేహభంగిమ అంతటిది.

పద్దెనిమిదవ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు కార్నెలిస్ ట్రోస్ట్ (1696-1750) ఇందుకు చక్కని ఉదాహరణ. ఆమ్‌స్టర్‌డాంలో జన్మించిన ఆయన తొలుత రంగస్థల నటులు. 1740 ప్రాంతంలో ఒక రాత్రి జరిగిన మిత్రగోష్ఠిని ఐదు చిత్రాల వరుసగా రచించారు. మొదట అందరూ మౌనంగా కూర్చుంటారు. క్రమంగా మాటలు, వాదం, కోలాహలం పెరుగుతాయి. చివరకు నడవగలిగినవారు నడుస్తారు, లేనివారు కూలబడతారు. మద్యం చేసిన పనిని వాలిన భుజాలు, తడబడిన కాళ్లు చెబుతాయి. హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ ప్రదర్శనశాలలో ఈ చిత్రాలున్నాయి.

బొమ్మల వరుసతో కథ నడిపే ఈ విద్యను తెలుగు చలనచిత్రంలో రాణింపజేసినవారు బాపు (1933-2014). నరసాపురంలో పుట్టిన ఆయన అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. న్యాయశాస్త్ర పట్టభద్రులైనా పత్రికలకు బొమ్మలు గీస్తూ పేరుపొంది, 1967లో ‘సాక్షి’తో దర్శకులయ్యారు. చిత్రీకరణకు ముందే దృశ్యాలను స్వయంగా గీసుకోవడం ఆయన పద్ధతి. దీనినే స్టోరీబోర్డు అంటారు. నటుడు ఎక్కడ నిలవాలో, తల ఎటు వంచాలో, కెమెరా ఎంత దూరంలో ఉండాలో ఆ బొమ్మలోనే తేలుతుంది. కాగితంపై పొరపాటు దిద్దడానికి రబ్బరు ముక్క చాలు. అదే పొరపాటు సెట్టులో జరిగితే వందమంది శ్రమ వృథా కావచ్చు.

నేడు తెలుగు చిత్రపరిశ్రమకు నెలవైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో కాగితం స్థానంలో కంప్యూటర్ తెర వచ్చి ఉండవచ్చు. కాని చూపు మాత్రం అభ్యాసంతోనే అలవడుతుంది. అందుకు ఖరీదైన సాధనాలు అక్కరలేదు. పక్కనే ఉన్న యూసుఫ్‌గూడ వీధిలో మూట మోసేవాని మెడను, బస్సుకై ఎదురుచూసే తల్లి నిలువును, బేరమాడేవారి చేతులను శ్రద్ధగా గమనించి గీస్తే చాలు. అలసట భుజాలలో ఎలా కనిపిస్తుందో, నిరీక్షణ మెడలో ఎలా నిలుస్తుందో అలా గీసినవారికే తెలుస్తుంది.