నిక్స్‌ఓఎస్ హార్డువేరు కాన్ఫిగరేషను ఫైలు

నిక్స్‌ఓఎస్ అనే లినక్సు ఆపరేటింగు సిస్టమును సర్వరులో స్థాపించేటపుడు, ఆ యంత్రంలోని పరికరాలను, డిస్కు విభాగాలను ప్రకటించే ఫైలే హార్డువేరు కాన్ఫిగరేషను ఫైలు. నిక్స్‌ఓఎస్‌లో నిర్వాహకుడు ఆదేశాలను ఒక్కొక్కటిగా ఇవ్వడు. యంత్రం ఎలా ఉండాలో వ్రాసి ఉంచితే వ్యవస్థ ఆ ప్రకారం నిర్మితమవుతుంది. దీనికి ఆధారమైన నిక్స్ పద్ధతిని ఈల్కో డోల్‌స్ట్రా 2003లో ప్రారంభించి, 2006లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పీహెచ్‌డీ గ్రంథంలో వివరించాడు.

రెండు ఫైళ్ళు

ఏ సేవలు నడవాలి, ఎవరికి ఖాతా ఉండాలి వంటి నిర్వాహకుని నిర్ణయాలు ప్రధాన ఫైలులో ఉంటాయి. హార్డువేరు ఫైలులో ఉండేవి యంత్రానికి సంబంధించిన వాస్తవాలు. దీనిని ఒక ఉపకరణం యంత్రాన్ని పరిశీలించి తానే తయారుచేస్తుంది. ఆ ఉపకరణాన్ని మళ్ళీ నడిపితే చేతితో చేసిన మార్పులు చెరిగిపోవచ్చు కనుక, మార్పులను ప్రధాన ఫైలులోనే వ్రాయాలని ఇందులో మొదటే సూచించబడి ఉంటుంది.

బూటు సమయంలోని చిక్కు

ఈ ఫైలులో అతి ముఖ్యమైనది కెర్నలు మాడ్యూళ్ళ జాబితా. డిస్కును చదవడానికి డ్రైవరు కావాలి. ఆ డ్రైవరు ఉన్నది డిస్కులోనే. పెట్టె తాళంచెవి పెట్టెలోనే ఉండిపోయినట్లన్నమాట. అందుకే బూటు లోడరు కెర్నలుతో పాటు ఇనిట్‌ఆర్‌డీ అనే చిన్న తాత్కాలిక ఫైలు వ్యవస్థను కూడా మెమరీలోకి తెస్తుంది. జాబితాలోని డ్రైవర్లు అందులో చేరుతాయి. సాటా డిస్కులకు సాధారణంగా ఏహెచ్‌సీఐ, కేవీఎం వర్చువల్ యంత్రాలకు వర్ట్‌ఐఓ మాడ్యూళ్ళు అవసరం. తగిన మాడ్యూలు లేకపోతే కెర్నలు మొదలైనా మూల విభాగం దొరకక బూటు మధ్యలో ఆగిపోతుంది. అప్పటికి సర్వరులో ఎస్‌ఎస్‌హెచ్ సేవ మొదలై ఉండదు కనుక, దూరం నుండి సరిచేయాలంటే కన్సోలు సదుపాయం ఉండి తీరాలి. డిస్కును వేరొక యంత్రానికి మార్చినపుడు ఈ ప్రమాదం ఎక్కువ.

ఇటువంటి పొరపాటు జరిగితే బూటు మెనూ నుండి వ్యవస్థ యొక్క పూర్వపు రూపాన్ని ఎంచుకోవచ్చు. నిక్స్‌ఓఎస్ వాటిని తరాలు అంటుంది.

డిస్కు విభాగాల గుర్తింపు

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు కెర్నలు డిస్కులను కనుగొన్న క్రమాన్ని బట్టి వస్తాయి. కొత్త డిస్కు చేర్చినపుడు మారవచ్చు. అందువలన ఫైలులో విభాగాలను యూయూఐడీతో ప్రకటిస్తారు. ఈఎక్స్‌టీ4 విభాగానికి ఇది 32 అంకెల హెక్సాడెసిమల్ సంఖ్య. డేటా విభాగాన్ని మళ్ళీ ఫార్మాటు చేస్తే ఈ సంఖ్య మారుతుంది. ఫైలును సవరించకపోతే వ్యవస్థ ఆ విభాగం కోసం సాధారణంగా 90 సెకన్లు వేచి చూసి అత్యవసర స్థితిలోకి వెళ్తుంది. పూర్వపు తరాలలోనూ పాత సంఖ్యే ఉంటుంది కనుక, ఇక్కడ వెనుకటి తరానికి మరలడం వలన ప్రయోజనం లేదు.